కొసరు లేని సంత

తూనికలు కొలతల శాఖలో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి మా ఇంటికి వచ్చే కుర్రాళ్లు రూల్సు పుస్తకం చంకలో పెట్టుకుని వస్తారు. నేను పుస్తకం బల్ల మీద పెట్టించి, సంచి చేతికిచ్చి, "ముందెళ్లి అర కిలో వంకాయలు కొనుక్కురా" అంటాను. తిరిగొచ్చాక అడిగేది ఒకటే ప్రశ్న. "కొసరు అడిగావా?" అడిగానన్నవాడికి కాఫీ. అడగలేదన్నవాడికీ కాఫీయే గానీ, వాడికి జగ్గయ్యపేట కథంతా మొదటినుంచీ చెప్పాలి. ఈమధ్య అడగనివాళ్లు ఎక్కువైపోతున్నారు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, ఇక రాసి పడేద్దామని కూర్చున్నాను.

నా ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు. అవి అందరికీ ఉండేవే, ఎవరివి చదివినా నిద్రొస్తుంది. వీశెలు పోయి కిలోలు వస్తున్న రోజుల్లో, నేనింకా పర్మనెంటు కాని రోజుల్లో, పేట బజారులో ఒక్క పూటలో ఉద్యోగమూ పెళ్లీ రెండూ పోగొట్టుకోబోయాను. ఆ సంగతి రాస్తాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు. మా ఆవిడ పక్క గదిలోంచి "మళ్లీ మొదలెట్టారా?" అంటుంది.

పేట బజారు

మాది చందర్లపాడు. అమ్మా నాన్నా కూలి పనికి వెళ్లేవాళ్లు. మిషను బడి పుణ్యమా అని నాలుగక్షరాలు వచ్చి, మా వాడలో నెలజీతం తెచ్చిన మొదటివాణ్ణి నేనే అయ్యాను. తూనికల ఇన్‌స్పెక్టరుగా వేసి, నందిగామలో తాలూకా కచేరీ వెనక ఒక గది ఇచ్చారు. ఆ గదిలో ప్రభుత్వం వారి ఇత్తడి తూకపు రాళ్లు, మఖమలు గుడ్డ పరిచిన పెట్టెలో, పెళ్లికూతురి నగల్లాగా ఉండేవి. చెమట చేత్తో ముట్టుకుంటే బరువు మారుతుందని మాకు చెప్పారు. అందుకని నేను వాటితో ఉన్నంతసేపూ చేతులు తుడుచుకుంటూనే ఉండేవాణ్ణి.

జగ్గయ్యపేట నా కింద ఉండేది. నా కింద అంటున్నాను గానీ, పేట ఎవరి కిందా ఉండదు. హైదరాబాదు రోడ్డు మీద చిల్లకల్లు దగ్గర బస్సు దిగి, జట్కా ఎక్కి వెళితే బజారు కంటికి కనపడకముందే ముక్కుకు తెలిసేది. మిరపకాయల కొట్ల మీదుగా గాలి వీస్తే జట్కా గుర్రం కూడా తుమ్మేది. ఆ తరవాత చెవికి తెలిసేది: ఇత్తడి కొట్లలో బిందెలకు సొట్టలు తీసే చప్పుడు. ఆ చప్పుడులో మాట వినపడాలంటే అరవాలి కాబట్టి పేటవాళ్లందరికీ గొంతు పెద్దది. నెమ్మదిగా మాట్లాడేవాణ్ణి చూస్తే ఒంట్లో బాగాలేదేమో అనుకునేవాళ్లు.

ఒక జమీందారు గారు తండ్రి పేరు నిలబెట్టాలని వర్తకుల్ని పిలిపించి, స్థలాలిచ్చి, ఈ పేట వేయించాడట. తండ్రి పేరు మీద గుడి కట్టించేవాళ్లున్నారు, సత్రం కట్టించేవాళ్లున్నారు. ఈయన బజారు కట్టించాడు. నన్నడిగితే ఆ తండ్రికి అంతకంటే సందడిగా ఉండే జ్ఞాపకం మరొకటి దొరకదు. బట్టల కొట్లొక పక్క, గాజుల కొట్లొక పక్క, బెల్లం దిమ్మల మీద ఈగల మహాసభ, వాటి మధ్య సంత రోజున చుట్టుపక్కల పల్లెలన్నీ బుట్టలు దించుకుని కూర్చునేవి.

ఈ బజారు గొప్పంతా సరిహద్దులో ఉంది. నాలుగడుగులు వేస్తే ఒకప్పుడు నిజాం రాజ్యం. అవతలి రూపాయి వేరు, ఇవతలి రూపాయి వేరు. అవతలి సేరు వేరు, ఇవతలి సేరు వేరు. అవతలివాళ్లు ఇక్కడికొచ్చి బేరమాడితే లెక్క ఎంతకీ కుదిరేది కాదట. పొద్దుగుంకుతున్నా బేరం తెగకపోతే షావుకారు విసిగి, ఒక గుప్పెడు ఎక్కువేసి, "ఇంక తీసుకుపో నాయనా" అనేవాడట. ఆ గుప్పెడే పెరిగి పెద్దదై కొసరైందని పేటవాళ్ల నమ్మకం. తెలుగువాళ్లున్న చోటల్లా కొసరుంటుందని నాకు తెలుసు. కానీ ఆ మాట పేటలో పైకి అని బతకగలవాడెవడు?

వంకాయలు కొంటే పచ్చిమిరపకాయలు కొసరు. పచ్చిమిరపకాయలు కొంటే కరివేపాకు కొసరు. మూర పూలకు బెత్తెడు కొసరు, గజం గుడ్డకు జానెడు కొసరు, కారప్పూసకు గరిటెడు కొసరు. గాజుల కొట్లో రెండు చేతులకూ వేయించుకున్నాక ఒక గాజు చేతిలో పెట్టేవాళ్లు, ఏ బిందె అంచుకో తగిలి పగిలేదానికి ముందుగానే బదులన్నమాట. కొసరు వెయ్యనివాడికి పేటలో ఒక పేరుండేది. అది ఇక్కడ రాయను, మా మనవరాలు కూడా చదువుతుంది.

కిలో రాయి

ప్రభుత్వం కిలోలు తెచ్చినప్పుడు జనం మమ్మల్ని కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూశారు. మర్యాద ఉంది, నమ్మకం లేదు.

"మీ కిలో ఎంత బరువండీ?" అని ఒక తాత అడిగాడు.

"కిలో కిలో బరువే తాతా."

"అది సరేలే అబ్బాయ్, వీశెకెన్ని?"

"వీశెలో ముప్పాతికకు కాస్త తక్కువ."

"అట్టా చెప్పు! గవర్నమెంటు వీశెకి చిల్లు పెట్టిందన్నమాట."

కిలో వీశె కంటే చిన్నదైతే ధర కూడా ఆ మేరకు తగ్గుతుందని గొంతు చించుకున్నాను. ఆ తాత తలూపి, కూరల దగ్గరికి వెళ్లి "రెండు వీశెల కిలోలియ్యి" అన్నాడు. ఆవిడ ఇచ్చింది కూడా. ఏమిచ్చిందో, ఎంతిచ్చిందో నాకు అంతుపట్టలేదు. ఇద్దరూ నవ్వుకుంటూ విడిపోయారు.

మోసాలుండేవి. ఒక కిరాణా కొట్టులో తక్కెడ పళ్లెం తిరగేస్తే అడుగున చింతపండు ముద్ద అతికించి ఉంది. "ఇదేమిటి షావుకారు గారూ?" అన్నాను. "పళ్లేనికి దిష్టి తగలకుండానండి" అన్నాడు, కనురెప్ప కదపకుండా. పళ్లెం జప్తు చేశాను. కానీ ఆ జవాబుకి లోలోపల దండం పెట్టుకున్నాను.

కొత్తగా చేరేవాళ్లకు ఇక్కడొక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇన్‌స్పెక్టరుకు వేసేది కొసరు కాదు, లంచం. రెండూ ఒకే చేత్తో, ఒకే నవ్వుతో, ఒకే బుట్టలోంచి వస్తాయి. అందుకని నా సర్కిల్లో నేను కూరలు కొనేవాణ్ణే కాదు. నందిగామలో పూటకూళ్లావిడ పెట్టింది తిని, పేట బజారులో చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాణ్ణి. నిగనిగలాడే వంకాయల మధ్య అలా తిరగడమంటే ఉపవాసం రోజున పెళ్లి వంటశాలకు కాపలా కాయడమే.

రాఘవరావు గారి సిద్ధాంతం

మా పై ఆఫీసరు రాఘవరావు గారు బెజవాడలో ఉండేవారు. ఆయన నీతిమంతుడు. లంచగొండి బాసు కింద పనిచెయ్యడం కష్టమంటారు గానీ, నీతిమంతుడైన బాసు కింద పనిచేసి చూడండి! ఒక కాఫీ ఇద్దరం పంచుకు తాగితే సగం కప్పు డబ్బులు ఆయనవి ఆయనే ఇచ్చేవారు, తాగింది సగమే కాబట్టి. గొడుగు, కళ్లజోడు, కత్తిరించిన మీసం, అన్నీ తూచినట్టుండేవి.

ఆయనకొక సిద్ధాంతం ఉంది. కొసరే అన్ని మోసాలకూ ముసుగు అని. "తూకంలో గుప్పెడు కొట్టేసి, పైన చిటికెడు వేస్తాడు. జనం చిటికెడు చూసి గుప్పెడు మరిచిపోతారు. కొసరున్న చోట తూకం లేదయ్యా అబ్రహాం!" అనేవారు.

ఇందులో అబద్ధం లేదు. దొంగ తక్కెడవాడే ధారాళంగా కొసరేస్తాడని నేను కూడా చూశాను. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. ఎదురు చెప్పగలిగినా చెప్పేవాణ్ణి కాదు లెండి, నా పర్మనెంటు కాగితం మీద సంతకం ఆయనదే.

పండుమిరపకాయల రోజుల్లో ఒక పూట ఆయన కబురు పంపారు. వచ్చే సంతకు స్వయంగా వస్తున్నారు. పేట బజారుని జిల్లాలోనే కొసరు లేని మొదటి బజారుగా చూడాలట. నేను బెజవాడ పరిగెత్తాను.

"ఒక్క కరివేపాకు రెబ్బ తూచకుండా చేతులు మారినా నీకు ఆ బజారు మీద పట్టు లేదని రాస్తాను" అన్నారాయన. "పట్టు లేనివాణ్ణి పర్మనెంటు చెయ్యడం నాకు కుదరదు."

"జనం అలవాటండీ..."

"అలవాటే రోగం. నువ్వు డాక్టరువి."

డాక్టరు నీరసంగా బస్సెక్కాడు.

సువార్త

పర్మనెంటు కావడం నాకెందుకంత అవసరమో చెప్పకపోతే ఈ కథకు ప్రాణం లేదు. పేటలో దేవసహాయం మాస్టారని మిషను బడి హెడ్‌మాస్టరు గారుండేవారు. ఆయన కూతురు సువార్త, ఆడపిల్లల బడిలో కొత్తగా చేరిన పంతులమ్మ. చర్చిలో పెద్దల ద్వారా మాట కదిపించాను. మాస్టారు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "కుర్రాడివి బుద్ధిమంతుడివే బాబూ. పర్మనెంటు కానీ, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. న్యాయమైన మాట. ఆడపిల్ల తండ్రి ఎవరైనా అదే అంటాడు.

నేను ఆ అమ్మాయిని మొదట చూసింది చర్చిలో కాదు, రత్తమ్మ దుకాణం దగ్గర. దుకాణమంటే నేల మీద పరిచిన గోనెపట్టా. రత్తమ్మ చిల్లకల్లు మనిషి, ఏటి ఒడ్డున పండిన వంకాయలూ దోసకాయలూ మిరపకాయలూ తెచ్చి బజారు మొగలో కూర్చునేది. ఆమె తక్కెడ నేనెప్పుడు తనిఖీ చేసినా ముల్లు సరిగ్గా నడిమధ్య నిలబడేది. నోరు మాత్రం ఏ పక్కకైనా మొగ్గేది. ఆ రోజు ఆమె ముందు ఒక నీలం వోణీ పిల్ల సంచి తెరిచి పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం రత్తమ్మత్తా, కాయలు తూచి కొసరు మరిచావు?"

"ఏశానుగా తల్లీ!"

"ఏదీ? నాకు కనపడలా."

"పంతులమ్మవి, కళ్లజోడు పెట్టుకో."

"కళ్లజోడుతో చూసే కొసరు నాకెందుకు? ఉత్త కళ్లకి కనపడేది వెయ్యి."

రత్తమ్మ తిట్టుకుంటూ నాలుగు మిరపకాయలు వేసింది. ఆ పిల్ల సంచి మూయలేదు. ఇంకో రెండు వేసింది. అయినా మూయలేదు. చివరికి రత్తమ్మ కరివేపాకు కట్టలోంచి పెద్ద రెబ్బ పీకి సంచిలో పడేసి, "నిన్ను కట్టుకునేవాడికి దేవుడే దిక్కు" అంది. పిల్ల నవ్వింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే ఉండిపోయాను. దేవుడా, ఆ దిక్కులేనివాడు నేనే కావాలి అనుకున్నాను.

ఇప్పుడర్థమైందిగా నా అవస్థ. బజారులోకెల్లా ఘనమైన కొసరుగత్తెను ప్రేమించి, అదే బజారులో కొసరు మానిపించే పని నెత్తినేసుకున్నాను.

ముందు నుయ్యి వెనక గొయ్యి

సంతకు ముందు రోజులన్నీ కొట్టు కొట్టుకీ తిరిగి బతిమాలుకున్నాను. షావుకార్లు వినయంగా సరేనన్నారు, వాళ్లకు మిగులే కదా! రత్తమ్మ మాత్రం మెటికలు విరిచింది.

"మా అత్త ఏసింది, మా అమ్మ ఏసింది. నేను మానేస్తే లోకం ఏమనుకుంటది? రత్తమ్మకి పొగరెక్కిందనుకోదూ?"

"ఒక్క పూట రత్తమ్మా. ఆయన రావడం, పోవడం, అంతే."

"నీకేంటయ్యా అంత దిగులు?"

"నా ఉద్యోగం ఖాయం కావాలి."

"ఉద్యోగమా, మేస్టారి పిల్లా?"

ఊళ్లో అందరికీ తెలుసన్నమాట. నా మొహం పండుమిరపకాయల బుట్టతో పోటీ పడి ఉంటుంది. రత్తమ్మ ఇత్తడి కొట్ల దాకా వినపడేలా నవ్వి, "సరే పో, నీ కోసం ఒక్క పూట నా చేతులు కట్టేసుకుంటా" అంది.

గండం గడిచిందనుకుని ఆదివారం ఆరాధనకు వెళ్లాను. బయటికొస్తుంటే గుమ్మం దగ్గర సువార్త ఎదురైంది. అంతవరకూ నాతో ఒక్క మాట మాట్లాడని పిల్ల.

"ఇన్‌స్పెక్టరు గారూ, బజారులో కొసరు మానిపిస్తున్నారంటగా?"

"ఆర్డరండి."

"ఎవరిది?"

"పైవాళ్లది."

"అయితే నేను కూడా మా నాన్నగారికి ఒక ఆర్డరిస్తా."

"ఏమనండీ?"

"కొలిచి కొలిచి పెట్టేవాడింట్లో కాపరం నా వల్ల కాదని."

అని, వోణీ సర్దుకుని వెళ్లిపోయింది. ఆమె పేరుకు అర్థం మంచి కబురని చిన్నప్పటినుంచీ వింటున్నాను. అంత చెడ్డ కబురు నా జన్మలో వినలేదు. కొసరు మానితే పిల్ల లేదు, మానకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే పిల్ల ఎలాగూ లేదు. ఎన్నిసార్లు లెక్క వేసినా నా వాటాకి సున్నాయే వచ్చింది.

ఆ సంత

రాఘవరావు గారు గొడుగుతో, ఒక చేతిసంచితో జట్కా దిగారు. బజారంతా మాట నిలబెట్టుకుంది. ఒక్కడూ కొసరు వెయ్యలేదు. నా కోసమే వెయ్యలేదు, ఆ సంగతి ఇప్పుడు తలుచుకున్నా నా కళ్లు చెమరుస్తాయి. కానీ కొనేవాళ్లతో ఎవరూ మాట్లాడలేదు కదా!

వంకాయలు తూచారు, సంచిలో పోశారు. కొన్నావిడ సంచి మూయలేదు. అమ్మేవాడు రెండు చేతులూ జోడించాడు. ఆవిడ కదల్లేదు. వెనకావిడ ముందుకు రాలేదు. పూల దగ్గర అదే, బెల్లం దగ్గర అదే, కారప్పూస దగ్గర అదే. చూస్తుండగానే బజారు మొదటినుంచి చివరిదాకా నోళ్లు తెరుచుకున్న సంచులూ, దండాలు పెడుతున్న చేతులూ తప్ప మరేమీ లేదు. ఇత్తడి కొట్లవాళ్లు కూడా సుత్తులు ఆపి చూస్తున్నారు. పేట అంత నిశ్శబ్దంగా ఉండగా నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు. సరిహద్దు అవతలినుంచి వచ్చిన ఒక ముసలమ్మ మాత్రం, "గిదేం అంగడి? కొసరు లేదు, ముచ్చట లేదు! ఎవరన్న సచ్చిన్రా?" అంది.

రాఘవరావు గారికి అదంతా క్రమశిక్షణలా కనపడింది. "చూశావా! తొక్కిసలాట లేదు, కేకల్లేవు. ఎంత నెమ్మది!" అని మురిసిపోయారు.

నేను మురవలేదు. రత్తమ్మ దుకాణం పక్కన జనంలో మాస్టారు గారు నిలబడి ఉన్నారు, ఆయన పక్కన సువార్త. ఆమె సంచి కూడా తెరిచే ఉంది. నా వైపు చూసిన చూపుకి కిలో రాయి కూడా కరిగేది.

రాఘవరావు గారు రత్తమ్మ దగ్గర ఆగారు. వాళ్లావిడ కొరివికారం పెట్టడానికి పేట పండుమిరపకాయలు తెమ్మని చెప్పి పంపిందట. "రెండు కిలోలు తూచమ్మా" అని కళ్లజోడు సర్దుకుని ముల్లు దగ్గరికి వంగారు. రత్తమ్మ తూచింది. ముల్లు ఇటు ఊగి, అటు ఊగి, నడిమధ్య నిలబడింది.

"భేష్!" అన్నారు. డబ్బులిచ్చారు. ఆమె కాయలు ఆయన సంచిలో గుమ్మరించి, అందరి లాగే రెండు చేతులూ జోడించింది.

ఆయన కదల్లేదు.

రత్తమ్మ చూసింది. నేను చూశాను. బజారంతా చూసింది. రాఘవరావు గారు సంచి రెండు చెవులూ పట్టుకుని, నోరు బార్లా తెరిచి, వంగి నిలబడే ఉన్నారు. ఎందుకు నిలబడ్డారో ఆయనకు తెలియదని మొహమే చెబుతోంది. ఏదో రావాలి, ఇంకా రాలేదు, అంతే.

"ఏందయ్యా, సంచి మూయరేం?" అంది రత్తమ్మ.

"కొసరేదీ?" అన్నారు రాఘవరావు గారు.

అన్నాక విన్నారు తన మాట తనే. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. ఎవరో గాజుల కొట్టు వైపు కిసుక్కుమన్నారు. అంతే, బజారు పేలిపోయింది! షావుకార్లు గల్లాపెట్టెల మీద పడి నవ్వారు, పూలవాళ్లు పూలబుట్టల్లో మొహాలు దాచుకుని నవ్వారు, ఇత్తడి కొట్లవాళ్లు సుత్తులెత్తి బిందెలు వాయించారు. ఆ ముసలమ్మ ఏం జరిగిందో తెలియకుండానే అందరికంటే గట్టిగా నవ్వింది. నేను నవ్వకూడదని బుగ్గ లోపల కొరుక్కుని, కొరుక్కుని, చివరికి రాళ్లపెట్టె మీద కూలబడి ఏడుపొచ్చేదాకా నవ్వాను. ఉద్యోగం ఎలాగూ పోయింది కదా, ఇంకేం భయం!

అప్పుడు రాఘవరావు గారి మీసం ఒక పక్క కదిలింది. తరవాత రెండో పక్క. ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదలు.

"మా అమ్మ నేర్పిందయ్యా అబ్రహాం" అన్నారు, కళ్లు తుడుచుకుంటూ. "ఇంతున్నప్పుడు నన్ను సంతకి పంపిస్తూ, కొసరు పడేదాకా సంచి మూయకురా నాన్నా అనేది. అమ్మ పోయి ఎన్నేళ్లయిందో. ఆ మాట నా చేతుల్లో ఉండిపోయింది చూశావా!"

రత్తమ్మ ఇక ఆగలేదు. దోసిలి నిండా మిరపకాయలు ఆయన సంచిలో గుమ్మరించింది. ఆయన వద్దనలేదు. గొడుగు నాకిచ్చి, కిందికి వంగి, ఆమె పైన వేసినన్ని కాయలు మళ్లీ బయటికి తీశారు.

"అమ్మా, ఆఫీసరుకి కొసరు వెయ్యకూడదు" అన్నారు. చుట్టూ చూసి, దగ్గరలో సంచి తెరుచుకుని ఉన్న అమ్మాయి ఎవరైతే ఆ అమ్మాయి సంచిలో వేశారు. అది సువార్త సంచి.

మన శాఖలో చేరినవాళ్లు ఆ చేతులు గుర్తుపెట్టుకోవాలి. నోరు జారింది, జారనీ. చెయ్యి జారలేదు.

"తక్కెడ సరిగ్గా ఉంది" అని అందరికీ వినపడేలా అన్నారాయన. "తూచిందాన్ని మేం చూస్తాం. తూచకుండా ఇచ్చింది మీ ఇష్టం, మా శాఖకి దానితో పనిలేదు."

ఆ తరవాత కురిసిందండీ కొసరు! పొద్దుటినుంచీ ఆపుకున్నదంతా ఒక్కసారి. మిరపకాయలు, కరివేపాకు, బెల్లం ముక్కలు, బెత్తెళ్ల కొద్దీ పూలు. అడగనివాళ్ల సంచుల్లో కూడా పడ్డాయి.

ఏమండీ

జట్కా ఎక్కుతూ రాఘవరావు గారు, "బెజవాడ చేరగానే నీ కాగితం మీద సంతకం పెడతాను. బజారు మీద పట్టుంది నీకు" అన్నారు.

"పట్టేమిటండీ, మొత్తం తలకిందులైతేనూ!"

"నీ కోసం పొద్దుటినుంచీ చేతులు కట్టుకుని కూర్చున్నారు కదయ్యా. నా కోసం కాదు" అన్నారు. ఆయనకు అన్నీ తెలిసినట్టే ఉంది. గుర్రం తుమ్మింది, జట్కా కదిలింది.

వెనక్కి తిరిగితే మాస్టారు గారున్నారు. ఆ మాటలు ఆయన చెవిన పడ్డాయి. "మీ నాన్నగార్ని ఒకసారి మా ఇంటికి రమ్మను బాబూ" అన్నారు. నేను తల ఊపాను. కానీ నా ప్రాణం ఆయన దగ్గర లేదు. ఆయన ఒప్పుకున్నంత మాత్రాన పనవుతుందా? ఆదివారం నాడు ఆమె అన్న మాట నా గుండెల్లో అలాగే ఉంది. చర్చి గుమ్మంలో ఇచ్చిన ఆర్డరు ఆమె రద్దు చేసుకుందో లేదో ఎవరినడగాలి? ఎలా అడగాలి?

సువార్త నా వైపు చూడను కూడా లేదు. రత్తమ్మ ముందు కూర్చుని, దోసకాయల మీద వాదులాడుతోంది. సంచి నిండి పొర్లుతోంది. లేచి ఎత్తబోయింది, ఎత్తలేకపోయింది. దించింది. జనం వైపు తిరిగి, పేట పిల్ల కదా, పేట గొంతుతోనే పిలిచింది.

"ఏమండీ!"

బజారులో ఉన్న మొగుళ్లందరూ ఒక్కసారి తలలు తిప్పారు. గాజుల కొట్టువాడు తిరిగాడు, బెల్లం షావుకారు తిరిగాడు, మాస్టారు గారు కూడా అలవాటు కొద్దీ తిరిగారు. నేను తిరగలేదు. ఇన్‌స్పెక్టరు గారూ అనలేదు కదా, నన్ను కాదనుకున్నాను.

"మిమ్మల్నేనండీ, గొడుగాయన! వచ్చి ఈ సంచి పట్టుకోండి."

చూసుకుంటే రాఘవరావు గారి గొడుగు నా చేతిలోనే ఉంది. రత్తమ్మ బుగ్గన చెయ్యేసుకుంది. మాస్టారు గారు దగ్గి, చటుక్కున ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టారు. సువార్త చెవులదాకా ఎర్రబడింది, అయినా చూపు తిప్పుకోలేదు.

నేను గొడుగు చంకలో పెట్టుకుని, అంతమంది మధ్యలోంచి నడిచి వెళ్లి, ఆ సంచి ఒక చెవి పట్టుకున్నాను. రెండో చెవి ఆమె వదల్లేదు.